ఇంటింటి ముచ్చట్లు: నచ్చిన మైదానాన్ని ఎందుకు ఎత్తివేస్తారు?

షోలాపూరు నుంచి మన చందాదారులొకరు యీ మధ్య ఒక ఉత్తరం వ్రాశారు. వారి మనవడు చదువు అయిన తరువాత రాత్రిపూట కంప్యూటరు ముందు కూర్చుని, దూరానవున్న బంధువుల పిల్లలతో కలిసి ఆటలాడుతాడట. 2025 నవంబరులో ఒక కొత్త మైదానం వచ్చింది. పిల్లలందరికీ అది మహా బాగా నచ్చింది. నెల తిరక్కుండానే కంపెనీవారు దానిని ఎత్తివేశారు. కుర్రవాడు రెండు రోజులు ముభావంగా తిరిగాడట. “దుకాణంలో బాగా అమ్ముడుపోయే సరుకును ఏ వర్తకుడూ గోదాములో పెట్టి తాళం వేయడు గదా! అందరూ మెచ్చినదానిని వీరెందుకు తీసివేస్తారు? ఇందులో మోసమేమైనా వున్నదా?” అని తాతగారి ప్రశ్న.

ప్రశ్న మంచిది. జవాబు ఒక్క ముక్కలో తేలేది కాదు. కొంత అవసరము, కొంత వ్యాపారము, కొంత గడుసుతనమూ వున్నవి. ఏది ఎంత పాలు అన్నదే చూడవలసి వున్నది.

ముందుగా మన పెద్దల కోసం నాలుగు మాటలు. పిల్లలు ‘మ్యాపు’ అనేది గోడకు తగిలించే దేశపటము కాదు. ఆట జరిగే చోటు. కొండలు, ఇళ్ళు, రోడ్లు, చెరువులు అన్నీ వుంటాయి. ‘ఫోర్ట్‌నైట్’ అని ఒక ఆట వున్నది. అమెరికాలోని ఎపిక్ గేమ్స్ వారిది. దానిలో యీ తరహా పోటీ 2017 సెప్టెంబరులో మొదలయింది. నూరుమంది ఆకాశంలో పోయే బస్సులోనుంచి ఒక దీవి మీదికి దూకుతారు. నిలబడే జాగా క్రమంగా కుంచించుకుపోతుంది. చివరకు మిగిలినవారిదే గెలుపు. మన దేశంలో ఎక్కువమంది పిల్లలు ఎరిగినది పబ్జీ. దానిలో ‘ఎరాంగెల్’ అనే మొదటి మైదానం 8 కిలోమీటర్ల పొడవు, 8 కిలోమీటర్ల వెడల్పు. అంటే లెక్కకు మన యానాం కంటె పెద్దది! ఆ దీవికి పెట్టిన పేరు ఆట సృష్టికర్త బ్రెండన్ గ్రీన్ తన కుమార్తె పేరునుబట్టి కల్పించినది. అటువంటి చోట మూడేళ్ళు, నాలుగేళ్ళు రోజూ తిరిగిన పిల్లవానికి, ఏ గుమ్మం వెనుక ఏమున్నదో, ఏ కొండ ఎక్కితే ఏ వంతెన కనబడుతుందో మన వీధి తెలిసినట్లు తెలిసిపోతుంది. కనుక “ఆటేగదా, పోతే పోయింది” అని మనం అనేస్తే వాడికి కోపం రావడంలో వింత లేదు.

షోలాపూరు కుర్రవాడు చెప్పిన మైదానం ఫోర్ట్‌నైట్‌లోని స్ప్రింగ్‌ఫీల్డ్ అని మాకు తోస్తున్నది. 1989 నుంచీ అమెరికా టెలివిజనులో నడుస్తున్న ‘ద సింప్సన్స్’ అనే బొమ్మల కథలోని వూరది. పసుపుపచ్చని ముఖాల మనుషులు, వారి ఇళ్ళు, బడి, వారు పనిచేసే అణువిద్యుత్ కేంద్రము అన్నిటినీ దీవిగా కట్టి, నవంబరు నెలకు మాత్రమే అని ముందుగానే చెప్పి తెరిచారు. ఆ మాట చెప్పే పెట్టారు గనుక దానిని మోసమనడానికి వీలులేదు. పైగా ఆ బొమ్మలు ఎపిక్ వారి సొత్తు కావు, డిస్నీ వారివి. ఒకరి బొమ్మలు మరొకరు వాడుకోవడమంటే అద్దె ఇంట్లో పెళ్ళి చేసినట్లే. పందిరి ఎంత బాగా కుదిరినా గడువు తీరిన తరువాత ఇంటివారి ఇష్టమే ఇష్టము.

కాని సొంత ఇల్లు అయినా ఎత్తివేస్తున్నారు. అసలు చిక్కు అక్కడ వున్నది.

దీనికి అన్నిటికంటె బలమైన కారణం చాలామంది పిల్లలకు కూడా తోచనిది: క్యూ. ఒక చిన్న లెక్క వేసి చూద్దాము. ఇవి మేము లెక్క కోసం కల్పించుకొన్న అంకెలే సుమా! రాత్రి పది గంటలకు మన ప్రాంతంలో 12,000 మంది ఆడటానికి సిద్ధంగా వున్నారనుకొందాము. ఒక్కటే మైదానమున్నది. ఒంటరిగా ఆడేవారు, జంటగా ఆడేవారు, నలుగురు కలిసి ఆడేవారు అని మూడు వరుసలు. వరుసకు 4,000 మంది; ఆటకు నూరుమంది చొప్పున ఒక్కొక్క వరుసలో 40 ఆటలు ఒకేసారి నడుస్తాయి. బాగున్నది. ఇక పాత మైదానాలను ఏదీ తీసివేయకుండా నాలుగు వుంచామనుకోండి. మూడు నాలుగుల పన్నెండు వరుసలు. వరుసకు వెయ్యిమంది. పదేసి ఆటలు. ఇదీ ఫరవాలేదు. అయితే నిన్నగాక మొన్న నేర్చుకొన్న పిల్లవాడిని ఆరితేరినవాడితో కలపకూడదు గనుక నేర్పునుబట్టి ఐదు తరగతులు చేశారనుకొందాము. అరవై వరుసలు, వరుసకు 200 మంది. రెండే ఆటలు.

ఇది రాత్రి పదిగంటల మాట. మధ్యాహ్నం రెండు గంటలకు 1,200 మందే వున్నారనుకోండి. వరుసకు ఇరవైమంది! ఆటకు కావలసినది నూరుమంది. అప్పుడేమి చేయాలి? పది నిముషాలు కాచుకొని కూర్చోవాలి; లేదా కొత్తవాడిని పాతకాపు నోట్లోకి తోయాలి; లేదా మనుషుల స్థానంలో మరబొమ్మలను పెట్టి సంఖ్య నింపాలి. మూడూ జరుగుతున్నవి. 2019లో ఫోర్ట్‌నైట్ వారు, 2020లో పబ్జీ వారు మనుషుల మధ్యకు మరబొమ్మలను పంపారు. ఆడేవారికి అది ఇట్టే తెలిసిపోతుంది, పెళ్ళిపందిట్లో కిరాయి మనుషులను కూర్చోబెడితే తెలియదా?

సెల్‌ఫోనులో ఆడే పబ్జీకి 2020లో ‘లివిక్’ అని ఒక చిన్న మైదానం చేశారు. నూరుమందికి బదులు 52 మంది, రెండు కిలోమీటర్ల చదరం. త్వరగా నిండుతుంది, త్వరగా ముగుస్తుంది. బడి నుంచి వచ్చిన పిల్లవాడు ట్యూషనుకు పోయేలోపల ఒక ఆట అయిపోతుంది. ఇది తెలివైన పనే. (ట్యూషను మాస్టర్లు మా మీద ఆగ్రహించరాదు.)

కనుక నచ్చిన మైదానాన్ని తీసివేయడంలో ఒక విచిత్రమైన న్యాయం వున్నది. నచ్చనిదానిని వుంచినా దానిలోకి ఎవరూ పోరు, హాని తక్కువ. బాగా నచ్చినదానిని వుంచితే అందరూ దానిలోకే పోతారు. ఏడాది కష్టపడి కట్టిన కొత్త మైదానం వెలవెలబోతుంది. అక్కడకు పోయిన నలుగురికీ తోడు దొరకదు. కొత్త కోడలు ఇంట్లో కుదురుకోవాలంటే అత్తగారు కొన్నాళ్ళు పుట్టింటికి వెళ్ళడం మంచిదని మన పెద్దలు అంటుండేవారు. కంపెనీవారు చేస్తున్నదీ అదే.

రెండవది బరువు. మైదానమంటే యంత్రంలో చోటు ఆక్రమించే సరుకు. ‘డెస్టినీ 2’ అనే ఆటలో 2020 నవంబరు 10న బంజీ కంపెనీవారు బుధుడు, అంగారకుడు, అయో, టైటన్ అనే లోకాలను ఒకేసారి ఖజానాలో పెట్టేశారు. ఆట వూబకాయమై పోయిందని, ప్రతి కొత్త మార్పునూ పాతచోట్లన్నిటిలోను పరీక్షించి సరిచేయడం తమవల్ల కాకుండా వున్నదని వారు చెప్పుకొన్నారు. ఇది వట్టి సాకు కాదు. కొత్త బండి ఒకటి పెట్టారంటే అది పాత దీవిలోని ప్రతి మెట్టు మీద, ప్రతి గోడ సందులో ఇరుక్కోకుండా పోతుందా అని చూడాలి. ఫోర్ట్‌నైట్ వారు 2021 డిసెంబరులో ఆటకు ఆధారమైన యంత్రాంగాన్నే మార్చి అన్‌రియల్ ఇంజిన్ 5 మీదికి తెచ్చారు. పాత ఇంటి గోడలు కొత్త పునాది మీద వాటంతట అవి నిలబడవు, మళ్ళీ కట్టాలి. కాని డెస్టినీలో ఎత్తివేసినవాటిలో జనం డబ్బిచ్చి కొనుక్కొన్న కథ కూడా వున్నది. అందుకనే పెద్ద గోల లేచింది. ఇకమీదట పెద్ద భాగాలను అలా ఎత్తివేయమని 2022లో కంపెనీవారు మాట ఇవ్వవలసి వచ్చింది.

ఇక వ్యాపారపు సంగతి. సంక్రాంతి బొమ్మల కొలువు మన ఆడపడుచులకు తెలియనిది కాదు. దానిని ఏడాది పొడుగునా తీయకుండా వుంచితే పేరంటానికి ఎవరు వస్తారు? తీసివేస్తామనే గదా ఇరుగమ్మా పొరుగమ్మా పరుగున వచ్చి చూసేది! ఆట కంపెనీలు యీ రహస్యాన్ని బాగా వంటబట్టించుకొన్నవి. ఏడాదిని ‘సీజను’లుగా విడగొట్టి, సీజనుకొక ‘బ్యాటిల్ పాసు’ అమ్ముతారు. ఆ గడువులోపల ఇన్ని మెట్లు ఎక్కితే ఇన్ని వేషాలు, ఇన్ని బహుమతులు. గడువు దాటితే లేదు. మైదానం మారడం, పాసు మారడం జోడుగుర్రాలవలె నడుస్తాయి. చోటు మారకపోతే కొత్త పాసు కొనమని ఏ ముఖం పెట్టుకొని అడుగుతారు?

ఎత్తివేతను కూడా ఉత్సవంగా చేయడం నేర్చుకొన్నారు. 2019 అక్టోబరు 13న ఫోర్ట్‌నైట్‌లోని మొదటి దీవి మొత్తము ఒక నల్లని బిలంలోకి పోయింది. దాదాపు రెండు రోజులు ఆట తెరిస్తే ఆ నల్లబిలం తప్ప మరేమీ కనబడలేదు. లక్షలాదిమంది ఏమీ లేని తెరను చూస్తూ కూర్చున్నారు! 15వ తేదీన కొత్త దీవి వచ్చింది. వ్యాపారంలో ఇంతటి నాటకఫక్కీ మేము ఎక్కడా ఎరుగము. కట్టిన ఆట పోయిందని ఏడ్చేవారికి, రాబోయేదేమిటో అన్న ఆత్రుతను అంటగట్టడం సామాన్యమైన విద్య కాదు.

నాలుగేళ్ళ తరువాత, 2023 నవంబరు 3న, అదే దీవిని ఒక నెల కోసమని తిరిగి తెచ్చారు. మరునాడు ఒక్కరోజునే 4 కోట్ల 47 లక్షలమంది ఆడినట్లు కంపెనీవారు ప్రకటించారు. ఆ ఆట చరిత్రలోనే అంతవరకు అంతటి రోజు లేదు. నెల తిరిగింది, మళ్ళీ ఎత్తివేశారు. చివరకు 2024 డిసెంబరు 6 నుంచి దానిని విడిగా, ఎత్తివేయకుండా వుంచే పద్ధతిలో తెరిచారు. ‘కాల్ ఆఫ్ డ్యూటీ: వార్‌జోన్’ అనే మరొక ఆటలోను ఇదే కథ. 2020 మార్చిలో, ప్రపంచమంతా తలుపులు వేసుకొని కూర్చున్న రోజులలో వచ్చిన ‘వెర్డాన్స్క్’ అనే మైదానాన్ని 2021 డిసెంబరులో తీసివేసి ‘కాల్డెరా’ అనే పసిఫిక్ దీవిని పెట్టారు. జనం సణిగారు. 2025 ఏప్రిల్ 3న వెర్డాన్స్క్ తిరిగి వచ్చింది.

దీనిని బట్టి ఎత్తివేతే మంచిదయిందని కొందరు వాదిస్తారు: దాచిపెట్టారు గనుకనే అంతమంది వచ్చారని. మాకా వాదం పూర్తిగా రుచించదు. దూరమైనదాని మీద మమకారం పెరుగుతుంది, నిజమే. తాతల నాడు వదలివచ్చిన వూరి నీళ్ళు మనకెప్పుడూ తీపే! కాని ఆ తిరిగివచ్చిన కోట్లమందిలో ఎక్కువమంది చోటును వెతుక్కొంటూ రాలేదు. ఆ చోట తమతో ఆడిన స్నేహితులను వెతుక్కొంటూ వచ్చారని మా నమ్మకం. 2020లో వెర్డాన్స్క్‌లో ఆడిన కుర్రవాడిని అడగండి. తుపాకుల సంగతి చెప్పడు. బడులు మూసిన ఆ వేసవిలో ఎవరెవరితో కలిసి ఎంత రాత్రివరకు నవ్వుకొన్నాడో చెబుతాడు.

ఇక్కడనే యీ విషయం మన ఇళ్ళలోకి వస్తున్నది. మన కుటుంబాలు బెంగుళూరులో ఒకటి, చెన్నైలో ఒకటి, బరంపురంలో ఒకటి, షోలాపూరులో ఒకటిగా వున్నవి. పెద్దవారమైన మనము పెళ్ళిళ్ళలోను, సంఘం వార్షికోత్సవాలలోను కలుసుకొంటాము. పిల్లలో? మేనమామ కొడుకు, పెద్దనాన్న మనవడు, బడిలో తమిళం చదివేవాడు, కన్నడం చదివేవాడు, ఒడియా చదివేవాడు, రాత్రి తొమ్మిదింటికి చెవులకు తగిలించుకొని ఒక దీవి మీద కలుసుకొంటున్నారు. అక్కడ వారు మాట్లాడేది ఏ భాష అనుకొంటున్నారు? తెలుగు! “ఒరేయ్ బావా, కుడివైపు చూడు, మేడ మీద ఎవడో వున్నాడు” అని. వ్రాయడం రాని పిల్లలు కూడా అక్కడ వరుసలు కలిపి పిలుచుకొంటున్నారు. మన సంఘం నడిపే ఆదివారపు తరగతులకు యింత హాజరు లేదు, నిజం చెప్పుకోవాలంటే.

అందుచేత ఒక మైదానం పోయిందంటే మన పిల్లలకు ఒక అరుగు పోయినట్లు. 2020 సెప్టెంబరు 2న కేంద్రప్రభుత్వం పబ్జీ మొబైలును నిషేధించినప్పుడు మైదానమేమిటి, ఆట యావత్తూ ఒక్కరోజులో పోయింది. అది దేశ భద్రతకు సంబంధించిన నిర్ణయము. ఆట కంపెనీ చేసినది కాదు. 2021 జూలైలో ‘బీజీఎంఐ’ అనే పేరుతో వచ్చినది 2022 జూలైలో మళ్ళీ ఆగి, 2023 మే నెలలో తిరిగి మొదలయింది. యీ రాకపోకల మధ్య జట్లు చెదిరిపోవడం మన ఇళ్ళలో చూసినదే. ఒకడు వేరే ఆటకు పోయాడు, ఒకడు పై చదువుకు పోయాడు. ఆట తిరిగి వచ్చింది గాని ఆ నలుగురూ మళ్ళీ కూడలేదు. అరుగు వుంటే చాలదు. అందరూ వచ్చే వేళకు వుండాలి.

ఇప్పుడు తాతగారి రెండవ ప్రశ్నకు వద్దాము: మోసమున్నదా? ముందుగా గడువు చెప్పి పెట్టిన మైదానాన్ని గడువుకు తీసివేస్తే మోసము లేదు. క్యూ నిండదు గనుక తీసివేస్తే అదీ మోసము కాదు. గడువు దాటితే దొరకదన్న భయాన్ని చూపి పిల్లల చేత తొందరపడి డబ్బు ఖర్చు పెట్టిస్తేనో? అక్కడ గీటు దాటినట్లే. 2022 డిసెంబరులో అమెరికా ప్రభుత్వ వర్తక సంఘమువారితో ఎపిక్ కంపెనీ 52 కోట్ల డాలర్లకు రాజీపడవలసి వచ్చింది. అందులో 24 కోట్ల 50 లక్షలు, తెలియకుండా మీట నొక్కించి కొనిపించారన్న ఆరోపణ మీద కొనుగోలుదారులకు తిరిగి ఇవ్వడానికి. తక్కినది పిల్లల వివరాలను సేకరించడంలో చట్టం దాటారన్నందుకు. అది మైదానాల గురించి వచ్చిన తగవు కాదు గాని, మీట ఎక్కడ పెట్టారో, గడియారం ఎందుకు పెట్టారో పెద్దలు కనిపెట్టి వుండవలసిన అవసరమున్నదని దానివల్ల తెలుస్తున్నది. ఇంట్లో పిల్లవాడు “రేపటితో అయిపోతుంది నాన్నా” అంటే, ఏమి అయిపోతుందని అడగండి. ఆడటం అయిపోతుందా, కొనడం అయిపోతుందా? రెండూ ఒకటి కావు.

కొనడమన్న మాటకూ అర్థం మారిపోయింది. బొమ్మల కొలువు తీసివేసినా బొమ్మలు మన పెట్టెలోనే వుంటాయి. ఇక్కడ పెట్టె వారిది, తాళంచెవి వారిది. యూబిసాఫ్ట్ అనే ఫ్రెంచి కంపెనీవారు (యానాం పాఠకులు మన్నించాలి) 2014లో ‘ద క్రూ’ అనే కార్ల ఆటను తెచ్చారు. అమెరికా దేశమంతటినీ కుదించి ఒక మైదానం చేశారు. ఈ సముద్రతీరం నుంచి ఆ సముద్రతీరందాకా కారు తోలుకొని పోవచ్చును. 2024 మార్చి 31న సర్వర్లు ఆపివేశారు. పూర్తి ధర ఇచ్చి కొనుక్కొన్నవారికి కూడా ఆ అమెరికా మాయమైపోయింది. దాని మీద రాస్ స్కాట్ అనే ఆయన ‘స్టాప్ కిల్లింగ్ గేమ్స్’ అనే ఉద్యమం లేవదీశారు. యూరపులో ఆ వినతిపత్రానికి 2025 జూలైలో పది లక్షల సంతకాలు దాటినవి. కాలిఫోర్నియా రాష్ట్రంలో 2025 జనవరి నుంచి, మీరు కొంటున్నది వస్తువు కాదు, వాడుకొనే అనుమతి మాత్రమే అని విప్పి చెప్పకుండా ‘కొనండి’ అనే మాట వాడరాదని చట్టం వచ్చింది. మన దేశంలోనూ అటువంటిది రావాలని మా అభిప్రాయము.

పాతదానిని గౌరవంగా వుంచే దారులు లేకపోలేదు. ‘మైన్‌క్రాఫ్ట్’ ఆటను కంప్యూటరులో ఆడేవారు ఇప్పటికీ ఏళ్ళ కిందటి పాత రూపాలను ఏరుకొని ఆడుకోవచ్చును. ఇంగ్లండులోని కేంబ్రిడ్జి వారు జాగెక్స్, ‘రూన్‌స్కేప్’ అనే తమ ఆట బాగా మారిపోయిందని పాత ఆటగాళ్ళు మొరపెట్టగా, 2007 ఆగస్టునాటి నకలు ఒకటి తమ దగ్గర మిగిలివున్నదని 2013లో చెప్పి ఓటు పెట్టారు. నాలుగున్నర లక్షల దాకా ఓట్లు వచ్చినవి. ఆ పాత లోకాన్ని తెరిచి, ఇకమీదట కొత్తదేదైనా చేర్చాలంటే ఆటగాళ్ళ ఓటు పెట్టి, నూటికి 75 మంది ఒప్పుకొంటేనే చేర్చుతామని మొదట నియమం పెట్టుకొన్నారు. మన సంఘాలలో కూడా ఇంతటి ప్రజాస్వామ్యం కనబడదు.

జనం సణిగారని పైన చెప్పిన ఆ కాల్డెరా దీవి కథ కూడా ఒకటి వున్నది. దాని సర్వర్లను 2023 సెప్టెంబరు 21న ఆపివేశారు. ఆ తరువాత 2024 జూలైలో యాక్టివిజన్ కంపెనీవారు ఆ దీవి కొలతలన్నిటినీ, కొండలు, కట్టడాలు, చెట్లతో సహా, చదువుకొనేవారి కోసమని ఉచితంగా విడుదల చేశారు. వ్యాపారానికి వాడరాదు. మన ఇళ్ళలో ఇంజనీరింగు చదువుతూ బొమ్మల గణితము మీద మక్కువ వున్న పిల్లలెవరైనా వుంటే దానిని తెచ్చుకొని, ఒక దీవిని ఎలా కడతారో రాయి రాయీ విప్పి చూడవచ్చును. షోలాపూరు చందాదారుగారి మనవడు యిప్పుడు పదకొండవ తరగతి అని ఉత్తరంలో వున్నది. అతనికి విడిగా వివరాలు వ్రాసి పంపుతున్నాము.